“ఏం కాదులే” అనకండి: కాన్పుకి ముందు మనసును సిద్ధం చేసే పని ఎలా చెయ్యాలి

నేను ఒడిశాలో పర్లాకిమిడి వైపు పనిచేసే స్టాఫ్ నర్సుని. ఇది నాలాంటి వాళ్ల కోసమే రాస్తున్నాను, అంటే లేబర్ రూమ్ నర్సులు, ఏఎన్ఎంలు, ఆశా దిదీలు, ఈ మధ్య మిడ్‌వైఫరీ ట్రైనింగ్ అయ్యి కొత్తగా వస్తున్న పిల్లలు. బీపీ చూడడం, ఐరన్ మాత్రలు ఇవ్వడం, టీడీ ఇంజెక్షన్ వెయ్యడం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. మనసు సంగతి వచ్చేసరికి మాత్రం మన దగ్గర ఉన్నది ఒకే మందు, “ఏం కాదులే, ధైర్యంగా ఉండు.” చాలా ఏళ్లు నేనూ అదే పంచాను.

మానేసింది ఒక అమ్మాయి వల్ల. ఆంధ్రలో పాతపట్నం అవతల ఊరి నుంచి ఇటు కోడలిగా వచ్చిన పిల్ల, మొదటి కాన్పు. చెకప్‌కి వచ్చిన ప్రతిసారీ కూర్చోబెట్టి చెప్పాను, నొప్పులు ఎలా మొదలవుతాయి, ఊపిరి ఎలా తీసుకోవాలి, ఏం తినాలి, అన్నీ. నొప్పులతో వచ్చిన రాత్రి నా డ్యూటీ కాదు. డ్యూటీలో ఉన్న సిస్టర్‌కి తెలుగు రాదు, అత్తగారిని గుమ్మం దగ్గరే ఆపేశారు, లోపల ఒడియాలో “జోర్ దిఅ, జోర్ దిఅ” అని గట్టిగా అంటుంటే ముక్కమంటున్నారో తిడుతున్నారో ఈమెకి అర్థం కాలేదు. బిడ్డ క్షేమం, తల్లి క్షేమం, రిజిస్టర్‌లో ‘నార్మల్’. మూడో రోజు పలకరిద్దామని వెళ్తే తల తిప్పుకుని అంది: “అప్పా, మీరు అన్నీ చెప్పారు గానీ, ఆ తలుపు ఏసేస్తారని చెప్పలేదు.”

అప్పటి నుంచి నా పద్ధతి తిరగబడింది. చెప్పడం తగ్గించి ముందు అడుగుతున్నాను, ఆ తర్వాత చూపిస్తున్నాను, చేయిస్తున్నాను. ఎలాగో కింద రాస్తాను, మీ చోటుకి తగ్గట్టు మార్చుకోండి.

ముందు అడగాలి, అదీ ఒంటరిగా

మమతా దివస్‌లో, అంటే ఊళ్లో గర్భిణుల చెకప్ రోజున, నలుగురి మధ్య, పక్కన అత్తగారు కూర్చుని ఉండగా “భయంగా ఉందా అమ్మా?” అంటే “లేదండి” తప్ప ఏం వస్తుంది? పొట్ట కొలవడానికి తెర వెనక్కి తీసుకెళ్తాం చూడండి, ఆ మూడు నాలుగు నిమిషాలు మనవి. అక్కడ అడగాలి. అవును, కాదు అని తేల్చేసే ప్రశ్న వద్దు. నేను అడిగేది ఇది: “కాన్పు గురించి నువ్వు విన్నవాటిలో ఏ మాట మనసులో ఉండిపోయింది? ఎవరు చెప్పారు?” అడిగాక నోరు మూసుకోవాలి. ఇదే కష్టం, ఎందుకంటే మన పనిలో సగం వాగుడే. పది సెకన్లు ఆగండి, టేపు చుట్టుకుంటూ ఆగండి, మాట దానంతట అదే వస్తుంది.

వచ్చేవి మనం అనుకున్నవి కావు. నేను నొప్పి గురించి ఎదురుచూస్తుంటే ఒకామె “టేబుల్ మీద దొడ్డికి వచ్చేస్తుందట కదా” అని ఏడ్చేసింది. ఇంకొకామెకి బట్టలు విప్పడం భయం. మరొకామెకి అరిస్తే కొడతారని. మళ్లీ ఆడపిల్లయితే ఆయనకి ఎలా చెప్పాలన్నది ఒకామె దిగులు. ఇవన్నీ తీసిపారేసే భయాలు కావు, కొన్నయితే పచ్చి నిజాలు. కాబట్టి జవాబు కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. “అవును, ముక్కేటప్పుడు ఒక్కోసారి దొడ్డికి వస్తుంది, బిడ్డ తల దిగుతుంటే పేగు నొక్కుకుంటుంది, అది బిడ్డ దగ్గరికి వచ్చేసిందన్న గుర్తు, మేం గుడ్డతో తీసేస్తాం, ఎవరం నవ్వం.” ఈ ఒక్క మాటతో నిద్రపట్టిన వాళ్లున్నారు. ఆడపిల్ల సంగతికి మాత్రం నా దగ్గర మందు లేదు. బిడ్డ ఆడా మగా అన్నది తండ్రి నుంచి వచ్చే కణం బట్టి ఉంటుందని ఆమెకీ అత్తగారికీ ఇద్దరికీ వినపడేలా చెప్తాను, అంతే.

కొడతారన్న భయానికి జవాబు మాత్రం మన చేతుల్లో ఉంది, ఇక మీరే ఆలోచించుకోండి.

భయానికీ నొప్పులకీ లంకె ఏంటని కొత్త పిల్లలు అడుగుతారు. గర్భసంచి బిగుసుకోవడానికి ఆక్సిటోసిన్ అనే హార్మోను కావాలి, భయంలో వచ్చే అడ్రినలిన్ దానికి అడ్డం పడుతుంది, నొప్పులు మందగిస్తాయి, ఒళ్లు బిగుసుకుంటుంది, బిగుసుకున్న ఒంటికి నొప్పి ఇంకా ఎక్కువ తెలుస్తుంది. మన ఊళ్లలో ఈనే ఆవు దగ్గరికి కొత్త మనిషిని వెళ్లనివ్వరు. ఆ జ్ఞానం ఆవు దాకా వచ్చి ఆగిపోయింది.

గాజులతో చూపించండి

గర్భసంచి ముఖద్వారం ఎంత తెరుచుకుందో చెప్పే సెంటీమీటర్లు మన భాష. “మూడు సెంటీమీటర్లే అయింది” అని మనం అంటే ఆమెకి వినపడేది ‘నా వల్ల కావట్లేదు’ అని. అందుకని నేను గాజులు వాడతాను. సీమంతంలో చేతినిండా తొడిగిన గాజులు ఎలాగూ ఉంటాయి. రెండు–రెండు సైజు గాజు లోపలి కొలత ఐదున్నర సెంటీమీటర్ల లోపే. ఆ గాజు ఆమె అరచేతిలో పెట్టి, “గర్భసంచి ముఖద్వారం ఇంత తెరుచుకునే దాకా నెమ్మదిగా జరుగుతుంది, ఒక్కోసారి ఒక రాత్రి, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, అప్పుడు ఇంట్లో తిరుగు, తిను, కాస్త నిద్రపో. ఇక్కడి నుంచి చిన్న పూరీ అంత అయ్యే దాకా అసలు పని” అని చెప్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది కూడా అదే, అసలైన నొప్పుల దశని 5 సెంటీమీటర్ల నుంచి లెక్కపెట్టమని, తొలి కాన్పులో ఆ దశ మామూలుగా 12 గంటలు దాటదని, తర్వాతి కాన్పుల్లో 10 గంటలని. మనకి బడిలో నేర్పిన ‘గంటకి ఒక సెంటీమీటరు’ లెక్క అందరికీ పొసగదని కూడా అప్పుడే చెప్పారు.

ఇంట్లో ఉండమన్నాం కదా అని వదిలెయ్యకూడదు. ఉమ్మనీరు పోయినా, రక్తం కనపడినా, బిడ్డ కదలిక తగ్గినా, తలనొప్పితో కళ్లు మసకబారినా, ఫిట్స్ వచ్చినా గాజులూ పూరీలూ పక్కన పెట్టి వెంటనే బండెక్కాలి. ఇది ఆమెకి ఒక్కదానికే కాదు, ఇంట్లో బండి మాట్లాడే మనిషికి కూడా చెప్పాలి. కొండ మీద ఊళ్ల వాళ్లయితే నెల నిండే ముందే ‘మా గృహ’లో, అంటే కాన్పు దాకా ఉండనిచ్చే సర్కారు వసతిలో, చేరమనండి. రాత్రిపూట ఘాట్ రోడ్డులో ఏమవుతుందోనన్న బెంగ సగం అక్కడే పోతుంది.

ఒక్క నిమిషం నొప్పి

నాకు బాగా పనికొచ్చింది ఇది. కూల్‌డ్రింక్ షాపు నుంచి కాస్త ఐస్ తెప్పించండి. ఎనిమిదో నెలలో ఉన్నామెని కూర్చోబెట్టి, ఒక ముక్క పిడికిట్లో పట్టుకోమని వాచీ చూడండి. ఒక నిమిషం. మొదటిసారి ఏమీ చెప్పకండి. ముఖం చూడండి, భుజాలు చెవుల దాకా లేస్తాయి, పళ్లు బిగుస్తాయి, ఊపిరి ఆగిపోతుంది, ముప్పై సెకన్లకే కొందరు వదిలేస్తారు. పర్లేదు, తుడుచుకోమని రెండు నిమిషాలు కబుర్లు చెప్పండి.

రెండోసారి అదే ఐస్, ఈసారి ముక్కుతో ఊపిరి తీసుకుని నోటితో వేడి టీ ఊదినట్టు మెల్లగా, పీల్చిన దానికంటే ఎక్కువసేపు వదలమనండి. భుజాలు దించమనండి. మూడోసారి ఇవే చేస్తూ, వెనక వాళ్లమ్మనో తోడికోడల్నో భుజాల మీద చెయ్యి వెయ్యమనండి. తర్వాత “మూడింటిలో ఏది తేలిగ్గా గడిచింది?” అని అడగండి. ఎవరి జవాబు వాళ్లది. ఒకామె “మీరు మాట్లాడకుండా ఉన్నప్పుడే బాగుంది” అంది నాతో, రాసుకున్నాను, కాన్పులో మాట్లాడలేదు.

అక్కడే ఒక లెక్క చెప్తాను. నొప్పులు బాగా అందుకున్నాక పది నిమిషాల్లో మూడు, నాలుగు వస్తాయి, ఒక్కోటి నలభై సెకన్ల నుంచి నిమిషం. మూడు వస్తే పది నిమిషాల్లో ఏడు నిమిషాలు ఖాళీయే. ఆ ఏడు నిమిషాలు వచ్చే నొప్పి గురించి ఆలోచిస్తూ పాడు చేసుకుంటే అలసిపోయేది అక్కడే. చివర్లో ఆ ఖాళీలు తగ్గిపోతాయి, “ఇక నా వల్ల కాదు, ఆపరేషన్ చేసెయ్యండి” అని అనిపిస్తుంది, చాలాసార్లు ఆ మాట వచ్చిందంటే పూరీ సైజు దగ్గర పడిందని అర్థం. ఇది ముందే తెలిసిన ఆడమనిషికీ తెలియని ఆడమనిషికీ ఆ అరగంటలో ఎంత తేడానో మీరే చూస్తారు.

ఊపిరి గురించి ఒక హెచ్చరిక. యూట్యూబ్‌లో చూసి కుక్క రొప్పినట్టు గబగబా ఊపిరి తీసే వాళ్లు వస్తున్నారు, ఎక్కువసేపు అలా చేస్తే వేళ్లు తిమ్మిరెక్కి కళ్లు తిరుగుతాయి, దాంతో ఇంకా కంగారు. మెల్లగా వదలడం ఒక్కటి చాలు. వెల్లకిలా పడుకోబెట్టడం కూడా తగ్గించండి, నడవనివ్వండి, గోడ పట్టుకుని ముందుకి వంగనివ్వండి, పక్కకి తిరగనివ్వండి.

తలుపు, తోడు, భాష

ముప్పై ఆరు వారాలు దాటాక ఒక్కసారైనా లేబర్ రూమ్ చూపించండి, ఖాళీగా ఉన్నప్పుడు. టేబుల్ మీద కూర్చోబెట్టండి. బిడ్డని పడుకోబెట్టే వార్మర్ ఎలా కూత పెడుతుందో వినిపించండి, లేకపోతే ఆ రోజు ఆ శబ్దానికి బిడ్డకేదో అయిందని గుండె ఆగిపోతుంది. బాత్రూమ్ ఎక్కడో, చెప్పులు ఎక్కడ విడవాలో చూపించండి. ఆ తలుపు ఎవరికి తెరుచుకుంటుందో, ఎవరికి తెరుచుకోదో కూడా.

తోడు విషయం మన దయ కాదు. లేబర్ రూమ్‌లు బాగుచెయ్యడానికి 2017లో కేంద్రం తెచ్చిన లక్ష్య ప్రోగ్రామ్‌లో కాన్పు సమయంలో పక్కన ఒక మనిషిని ఉండనివ్వాలని ఉంది, ప్రపంచ ఆరోగ్య సంస్థా అదే చెప్తుంది. పదిహేను వేల మందికి పైగా ఆడవాళ్ల మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే, మొదటి నుంచి చివరి దాకా పక్కన ఒకరు ఉన్న వాళ్లకి నొప్పుల సమయం కాస్త తగ్గింది, ఆపరేషన్లు తగ్గాయి, కాన్పు చేదు జ్ఞాపకంగా మిగలడం కూడా తగ్గింది. “మా దగ్గర స్థలం లేదు సిస్టర్” అనే వాళ్లకి నా జవాబు, ఒక స్టూలు, ఒక తెర.

ఎవరు తోడుండాలన్నది మాత్రం ఆమెనే అడగాలి, ఇదీ తెర వెనకే. అమ్మే ఉండాలని రూలు లేదు. కూతురు మూలిగితే తను కళ్లు తిరిగి పడిపోయే తల్లుల్ని నేను చూశాను, ఆడపడుచుని పట్టుకుని హాయిగా కన్నవాళ్లనీ చూశాను. ఎంచుకున్న మనిషికి నాలుగు పనులు నేర్పండి. నొప్పి వచ్చినప్పుడు నడుము కింద ఎముక మీద అరచేతి మడమతో గట్టిగా నొక్కడం, ఖాళీలో గుక్కెడు నీళ్లు, మేం చెప్పేదాకా “ముక్కు, ముక్కు” అనకపోవడం. నాలుగోది, ఫలానా వాళ్లమ్మాయికి ఏమైందో ఆ గదిలో తలుచుకోకపోవడం. ఇది చెప్పకపోతే మర్చిపోతారు, నిజం.

మన జిల్లాల్లో భాష వేరే సమస్య. తల్లీబిడ్డల కార్డు ఒడియాలో ఉంటుంది, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కోడలికి అందులో తన పేరు కూడా చదవడం రాదు. పాతిక మాటలు అక్కర్లేదు, నాలుగు చాలు: పాణి అంటే నీళ్లు, నిశ్వాస్ నిఅ అంటే ఊపిరి తీసుకో, జోర్ దిఅ అంటే ముక్కు, జోర్ దిఅ నాహిఁ అంటే ముక్కకు. ఇవి నవ్వుతూ నాలుగుసార్లు అనిపించండి, ఆ రాత్రి అవి తిట్లలా వినపడవు. అలాగే ఒడియా సిస్టర్లకి తెలుగులో “అయిపోయింది తల్లీ, ఇంకొక్కసారి” అనడం నేర్పాను, ఒకావిడ దాన్ని ఎంత ముద్దుగా అంటుందంటే నొప్పుల మధ్యలో కూడా నవ్వుతారు. కొండల్లో ఉండే సవర గిరిజన ఆడవాళ్లకి మన రెండు భాషలూ పరాయివే, వాళ్ల ఊరి ఆశా దిదీని లోపలికి రానివ్వడమే దారి.

కార్డు వెనక ఖాళీ జాగాలో తెలుగులోనూ ఒడియాలోనూ మూడు నాలుగు వాక్యాలు రాసి పంపండి. తోడు ఎవరు, ఏమంటే భయం, ఏం చేస్తే నిమ్మళిస్తుంది, ఇదివరకటి కాన్పులో ఏం జరిగింది. పుట్టింటికి వెళ్లే వాళ్లకి ఇది మరీ ముఖ్యం, ఇక్కడ తొమ్మిది నెలలు చూపించుకుని అక్కడెక్కడో కొత్త ఆసుపత్రిలో కంటారు. 102 అంటే ఇటు నొప్పులప్పుడు వచ్చే బండి, ఆంధ్రలో కాన్పయ్యాక ఇంటికి దింపే తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్, నొప్పులకి 108 చెయ్యాలి. ఇలాంటి చిన్న తేడా అర్ధరాత్రి ఎంత టెన్షన్ పెడుతుందో.

ఇంకోటి, లోపలి పరీక్ష, అదే మనం పీవీ అనేది. ఎందుకు చేస్తారో ముందే చెప్పండి, చేసే ముందు ప్రతిసారీ అడగండి, “ఆగండి” అంటే ఆగుతామని మాటివ్వండి, ఆగండి. చిన్నప్పుడో పెళ్లయ్యాకో జరగరానిది జరిగిన వాళ్లు మనకి చెప్పరు, ఆ టేబుల్ మీద కాళ్లు దగ్గరికి ముడుచుకుంటారు, మనం “సహకరించట్లేదు” అని రాస్తాం.

మొగుళ్ల సంగతి

మా గంజాం, గజపతి జిల్లాల మగవాళ్లు చాలామంది పని కోసం సూరత్‌లోనో చెన్నైలోనో ఉంటారు. ఊళ్లో ఉన్నవాళ్లు వరండాలో బీడీ కాలుస్తూ ఉంటారు. పట్టించుకోరు అని మనం అనేస్తాం గానీ, ఒకబ్బాయి నాతో అన్నాడు, “సిస్టర్, నేనేం చెయ్యాలో ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.” నిజమే, చెప్పలేదు. వీడియో కాల్‌లోనైనా ఒకసారి మాట్లాడండి. బండి ఎవరిది, డబ్బు ఎవరి దగ్గర, రక్తం కావాలంటే ఎవరు వస్తారు, ఈ మూడూ అతని పని. ఇంకో పని, రోజూ ఫోన్‌లో “బిడ్డ ఎలా ఉంది” కంటే ముందు “నువ్వెలా ఉన్నావ్” అని అడగడం. ఎదురుగా చూస్తే మగవాళ్లకీ భయమే, వాళ్లకి చెప్పుకునే తెర కూడా లేదు.

ఆపరేషన్ గురించి ముందే

“నార్మలే అవుతుంది, నాదీ పూచీ” అని ఎవరికీ చెప్పకండి. అలా విన్నామెకి ఆపరేషన్ అయితే తను ఓడిపోయానని కుమిలిపోతుంది. పెద్దాపరేషన్ అవసరం పడితే ఏం జరుగుతుందో వరసగా చెప్పండి: వెన్నులో ఇంజెక్షన్, నడుము కింద మొద్దుబారుతుంది, మెలకువగానే ఉంటావు, నొప్పి తెలియదు గానీ లాగినట్టు, కదిపినట్టు తెలుస్తుంది, గది చల్లగా ఉంటుంది, ఒణుకు రావచ్చు, తెర అవతల నుంచి బిడ్డ ఏడుపు వినపడుతుంది. ఇదంతా చెప్పడం అయిదు నిమిషాల పని. ఆ రోజు స్ట్రెచర్ మీద పరిగెత్తిస్తూ చెప్తే ఒక్క ముక్క బుర్రకెక్కదు.

మన చేతికి మించినవి

ప్రతి గర్భిణినీ రెండు ప్రశ్నలు అడగడం అలవాటు చేసుకోండి. ఈ నెల రోజుల్లో తరచుగా దిగులుగా, ఏ ఆశా లేనట్టుగా అనిపించిందా? ఇదివరకు ఇష్టంగా చేసే పనులు చెయ్యబుద్ధి కావట్లేదా? దేనికి అవునన్నా అక్కడితో వదలకండి, డాక్టరుకి చూపించండి. నిద్ర పట్టకపోవడాన్ని గర్భం మీదకి తోసెయ్యడం తేలిక, లేచి బాత్రూమ్‌కి వెళ్లి వచ్చి పడుకోగలుగుతుందా, లేక తెల్లారేదాకా కళ్లు తెరుచుకునే ఉంటుందా అని అడగండి. చచ్చిపోవాలని ఉందన్నామెని ఒంటరిగా ఇంటికి పంపకండి, ఆ రోజే ఆ గంటలోనే చూపించాలి. 2022 నుంచి మనసు బాగోని వాళ్లకి ఫోన్‌లో సాయం చేసే సర్కారు సేవ టెలీ మానస్ ఉంది, 14416, ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు, నంబరు కార్డు మీద రాసివ్వండి. ముందు నుంచీ మానసిక వైద్యుడి మందులు వాడుతున్నామె గర్భం వచ్చిందని తనంతట తాను ఆపేస్తే కొంప మునుగుతుంది, అది కూడా అడిగి తెలుసుకోవాలి.

కాన్పు అంటేనే వణికిపోయి, “పొట్ట కోసి తీసెయ్యండి గానీ నొప్పులు వద్దు” అని మొదటి నెలల నుంచే పట్టుబట్టే వాళ్లుంటారు. దానికి టోకోఫోబియా అని పేరుంది. ‘గారాబం’ అని కొట్టిపారెయ్యకండి. ఇంతకుముందు బిడ్డని పోగొట్టుకున్నామెతో “మళ్లీ పుడతారుగా” అనకండి. ఆ బిడ్డకి పేరు పెట్టారా అని అడగండి, పెట్టి ఉంటే ఆ పేరుతోనే మాట్లాడండి.

కాన్పయ్యాక ఒకసారి

రెండో రోజో మూడో రోజో మంచం పక్కన కూర్చుని ‘కుట్లు ఎలా ఉన్నాయి, పాలు పడ్డాయా’ అయ్యాక ఇంకో ప్రశ్న: “ఆ రాత్రి నీకు ఎలా గడిచింది?” అర్థం కానివి ఆమె అడుగుతుంది, ఎందుకు అలా చేశారు, బిడ్డని ఎందుకు పక్కకి తీసుకెళ్లారు, నేనేమైనా తప్పు చేశానా అని. కేస్ షీటు దగ్గర పెట్టుకుని జవాబు చెప్పండి, మనది తప్పయితే తప్పని చెప్పండి. ఊరికే ఏడుపు రావడం మూడో రోజు నుంచి చాలామందికి ఉంటుంది, రెండు వారాల్లో సర్దుకుంటుంది, అలా సర్దుకోకపోయినా, బిడ్డని చూడబుద్ధి కాకపోయినా, ఎవరికీ వినపడని మాటలు తనకి వినపడుతున్నా ఆశా దిదీకి ఫోన్ చెయ్యమని ఇంట్లో వాళ్లకి గట్టిగా చెప్పి పంపండి. మాటలు వినపడుతున్నాయంటే పథ్యం, దిష్టి అని ఒక్క రోజు కూడా ఆగొద్దని చెప్పండి.

ఆ అడిగిన జవాబులు ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి, పేర్లు లేకుండా. నాది రెండో నోట్‌బుక్ నడుస్తోంది. మొదటి దాని మొదటి పేజీలో ఒకటే లైను ఉంది, తలుపు గురించి.